ఐస్ కరగాలి, అమోనియా మరగాలి

హోస్ట్: నమస్తే అండీ. భీమవరం చుట్టుపక్కల రొయ్యల పట్టుబడి అంటే ముందు గట్టు మీదికి ఐస్ చేరాలి. ఐస్ ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి మెషిన్ రూమ్ చూసుకున్న మా బాబాయ్ ఈరోజు మనతో ఉన్నారు. బాబాయ్, ఐస్ కరిగిపోతుంటే రైతులు కంగారుపడతారు కదా?

బాబాయ్: కరగడమే దాని పని అమ్మా! సున్నా డిగ్రీల కిలో ఐస్ అదే సున్నా డిగ్రీల నీళ్లు కావడానికి 334 కిలోజౌళ్ల వేడి లాక్కుంటుంది. అంత వేడి ఆ కిలో నీళ్లకిస్తే 80 డిగ్రీల దాకా కాగుతాయి. ఆ వేడి రొయ్యల్లోంచి రావాలి. ఎండలోంచి వస్తే మాత్రం దండగే. అందుకే కప్పి ఉంచండని పోరేవాణ్ని.

హోస్ట్: ఆయ్. మరి ఫ్యాక్టరీలో నీళ్లలోంచి వేడి తీసేదెలా?

బాబాయ్: అమోనియాతో. మామూలు పీడనంలో అది మైనస్ 33 డిగ్రీలకే మరిగిపోతుంది, కాబట్టి మన దగ్గర గ్యాసే. కంప్రెసర్ నొక్కగానే ద్రవమైపోతుందనుకుంటారు చాలామంది. కాదు, ముందు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. ఆ వేడి బయటికి పోవాలి. కండెన్సర్ గొట్టాల మీద నీళ్లు పారించేది అందుకే. వాతావరణ పీడనానికి 15 రెట్లకు కాస్త పైన నొక్కి ఉంచితే 40 డిగ్రీల దగ్గరే ద్రవమవుతుంది. మన మే నెల ఎండల్లోనూ ఫ్యాక్టరీ నడుస్తుందంటే కారణం అదే. తర్వాత ఆ ద్రవాన్ని సన్నటి వాల్వులోంచి వదిలితే పీడనం పడిపోయి, ఉప్పునీళ్ల తొట్టిలోని కాయిల్స్‌లో మళ్లీ మరుగుతుంది. అందుకు కావలసిన వేడిని ఉప్పునీళ్లలోంచి లాగుతుంది. ఉప్పునీళ్లేమో అందులో దించిన డబ్బాల్లోంచి లాగుతాయి. డబ్బాలో నీళ్లు దిమ్మ కడతాయి.

హోస్ట్: కోనసీమ బావుల గ్యాస్‌నీ ఇలాగే నొక్కి ద్రవంగా సిలిండర్లో నింపొచ్చుగా?

బాబాయ్: కుదరదమ్మా. అందులో ఎక్కువ భాగం మీథేన్. ప్రతి వాయువుకీ సందిగ్ధ ఉష్ణోగ్రత అని ఒక హద్దుంది. అది దాటితే ఎంత నొక్కినా ద్రవం కాదు. 1869లో థామస్ ఆండ్రూస్ అనే శాస్త్రవేత్త కార్బన్ డయాక్సైడ్‌తో ఈ సంగతి తేల్చి చెప్పాడు, దానికి ఆ హద్దు 31 డిగ్రీలు. నాకు మహా ఇష్టమైన ప్రయోగం అది. అమోనియాకి 132. వంటగ్యాస్‌లో ఉండే ప్రొపేన్‌కి 97, బ్యూటేన్‌కి 152. అందుకే సిలిండర్ ఊపితే లోపల ద్రవం కదులుతుంది. మీథేన్‌కి మైనస్ 82! ఆటోల్లో నింపే సీఎన్‌జీ కూడా ఎక్కువగా మీథేనే, అందుకే వాతావరణ పీడనానికి 200 రెట్లు నొక్కి ఉంచినా గ్యాసే.

హోస్ట్: మరి ఓడల్లో ద్రవంగానే తెస్తారంటారు?

బాబాయ్: అది ఎల్‌ఎన్‌జీ, అంటే ద్రవంగా మార్చిన సహజ వాయువు. నొక్కడం కన్నా చల్లార్చడం మీదే నడుస్తుంది. ముందు గ్యాస్‌లో ఉన్న తేమ, కార్బన్ డయాక్సైడ్ తీసేస్తారు, లేదంటే అవి గడ్డకట్టి గొట్టాలు మూసుకుపోతాయి. తర్వాత మైనస్ 162 దాకా దించితే ద్రవమై, ఇంచుమించు 600వ వంతు చోటులో ఇమిడిపోతుంది. ఓడ ట్యాంకులో పీడనం దాదాపు మామూలే. ఎంత మందంగా కప్పినా బయటి వేడి కొంత చొరబడి దారి పొడవునా కొద్దికొద్దిగా మరుగుతూనే ఉంటుంది. అలా మరిగిన గ్యాస్‌నే చాలా ఓడలు ఇంజిన్లో మండించుకుంటాయి.