వెయ్యి రూపాయలు పెట్టి జిల్లేడు కొన్నానండీ!

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఇంటి ముందు ఏదో తవ్వించారట, చూపించవేం అని మా పిన్ని రెండు నెలలుగా వాట్సాప్‌లో ఒకటే గోల. పిన్నీ, ఈ వీడియో నీకే. ఏప్రిల్ నెల, శనివారం పొద్దున్న, టెక్సస్‌లో ఫ్రిస్కో. ఎండ ఇంకా ముదరలేదు.

మనూళ్లో వాకిట్లో గడ్డి మొలిస్తే పీకేస్తాం కదా. ఇక్కడ ఆ గడ్డినే పెంచాలి. నీళ్లు పెట్టి, ఎరువు వేసి పెంచి, మళ్లీ మనమే డబ్బులిచ్చి కోయించాలి. కోతకి 45 డాలర్లు. ఎండాకాలం వారానికోసారి, అంటే నెలకి 180. మన లెక్కలో 15 వేల పైనే! గేదె కూడా లేదు, ఆ గడ్డిని ఏం చేసుకోను?

అందుకే కిందటి అక్టోబర్‌లో ముందు వైపు సగం గడ్డి తీసేసి, ఈ నేలలో పుట్టిన మొక్కలే వేశాం. ఇదిగో, ఇది టర్క్స్ క్యాప్. ఎండలు ముదిరాక ఎర్రగా పూస్తుంది. మందారం కుటుంబమే కానీ పువ్వు పూర్తిగా విచ్చుకోదు, ముడుచుకునే ఉంటుంది.

మట్టి చూడండి. అచ్చం మా గుంటూరు నల్లరేగడే! నాన్న పత్తి వేసింది ఇలాంటి మట్టిలోనే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత బీటలు. ఇక్కడ ఆ నేల మీదే ఇళ్లు కట్టారు. ఆగస్టులో మట్టి కుంచించుకుపోతే గోడలు పగులుతాయని ఇంటి చుట్టూ సన్నటి బొక్కల పైపు పరిచి పునాదికి నీళ్లు పెడతారు. నిజమండీ, మొక్కలకి కాదు, పునాదికి! మొదటి ఏడాది మా వారు ఆ పైపు విప్పుతుంటే ఎండదెబ్బ తగిలిందేమో అనుకున్నా.

సరే, అసలు విషయానికి వస్తా. ఈ మొక్క పేరు మిల్క్‌వీడ్. వీడ్ అంటే కలుపు, పేరులోనే ఉంది. ఒక్క కుండీ 12 డాలర్లు, వెయ్యి రూపాయలు దాటింది. పెద్ద షాపుల్లో ఎర్ర, పసుపు పూలతో ఒకటి అమ్ముతారు, అది ఈ నేలది కాదు. ఈ ఆకుపచ్చ పూలదే ఇక్కడిది. చలికాలంలో నేల మట్టానికి ఎండిపోయింది. చచ్చిందని మా వారు పారతో వచ్చారు కూడా. మార్చిలో మళ్లీ చిగురు!

ఆకు తుంచితే... ఇలా, పాలు. ఎక్కడో చూసినట్టు లేదూ? జిల్లేడు! ఒకే కుటుంబం. వినాయకుడి పత్రిలో వేస్తామే, ఆ జిల్లేడుకి చుట్టం.

ఈ మాట అమ్మకి వీడియో కాల్‌లో చెప్పి తప్పు చేశాను. "పాడుబడ్డ కొంపలో మొలుస్తాయే జిల్లేళ్లు! డబ్బు పోసి గుమ్మం ముందు పెట్టుకున్నావా?" అని మొదలుపెట్టింది. అదే వారం కాలనీ అసోసియేషన్ ఉత్తరం కూడా వచ్చింది. తలుపు రంగు మార్చాలన్నా ఇక్కడ వాళ్ల పర్మిషన్ కావాలి. ముందు వైపు కలుపు పెరిగింది, తీసేయండి అని రాశారు. అమ్మదీ వాళ్లదీ ఒకే మాట!

వాళ్లకి జవాబు ఈజీ. నీళ్లు తక్కువ తాగే మొక్కలు వేసుకుంటామంటే అసోసియేషన్లు అడ్డం చెప్పకూడదని టెక్సస్‌లో 2013లోనే చట్టం వచ్చింది. ప్లాన్ అడగొచ్చు, ఊరికే తిప్పికొట్టకూడదు. మా వారు స్కేలు పెట్టి గీసి పంపారు, ఓకే అన్నారు. అమ్మకి ఏ చట్టం చూపించను?

ఇదిగో, ఇవాళే కనిపించింది. ఫోకస్ కుదరట్లేదు... ఆఁ, చూడండి. నలుపు, తెలుపు, పసుపు చారలు. మోనార్క్ అనే సీతాకోకచిలుక గొంగళిపురుగు. ఈ మిల్క్‌వీడ్ జాతి మొక్కల ఆకు తప్ప ఇంకేదీ తినదు. చలికాలం మెక్సికో కొండల్లో ఉన్న సీతాకోకచిలుకలు వసంతానికి ఇటు వచ్చి, గుడ్లు పెట్టి చనిపోతాయి. ఇక్కడ పుట్టినవి ఇంకా ఉత్తరానికి పోతాయి. తల్లి ముఖం చూడవు. అమ్మ ముఖం నేను చూసి నాలుగేళ్లయింది, మోకాళ్ల నొప్పులతో తను అంత దూరం ఫ్లైట్‌లో కూర్చోలేదు...

అదిగో, అమ్మే ఫోన్. ఆగండి.

"అమ్మా, చూడు, పురుగు."

"అయ్యో, ఆకులన్నీ తినేస్తోందే!"

"తినాలనే వేశానమ్మా."

"మన జిల్లేడు మీదా ఇలాంటి చారల పురుగే ఉంటుంది. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో పెట్టుకున్నావు, గుర్తుందా? ఏమిటా చప్పుడు?"

అయ్యబాబోయ్, గడ్డి కోసే అతను వచ్చేశాడు. ఇటువైపు ముట్టుకోవద్దని చెప్పడం మర్చిపోయా! మిషన్ ఆన్ చేసి ఇటే వస్తున్నాడు.

"మాట్లాడుతూ నిలబడతావేమే? అడ్డంగా వెళ్లి నించో! జిల్లేడు కోసేస్తాడు, ఆపు!"

ఉండండి ఉండండి, కెమెరా కింద పెట్టేస్తున్నా...