ప్లాన్ ఎవరైనా గీయొచ్చా? ఆర్కిటెక్ట్ చట్టంలో అసలేముంది?

ఇల్లు కట్టడం మీద ఏ వీడియో పెట్టినా కింద అదే గొడవ. "ఆర్కిటెక్ట్ కానివాడు ప్లాన్ గీస్తే జైలే" అని ఒకాయన. "నేను సివిల్ ఇంజినీర్ని, ఇరవై ఏళ్లుగా గీస్తున్నా, ఎవడడిగాడు?" అని ఇంకొకాయన. చదివీ చదివీ విసుగొచ్చింది. ఇవాళ తేల్చేద్దాం.

తిరుపతి లడ్డూ తీసుకోండి. 2009లో దానికి జీఐ గుర్తింపు వచ్చింది, అంటే ఆ పేరు పెట్టి వేరేవాళ్లు అమ్ముకోకూడదు. మీ ఇంట్లో శనగపిండి, నెయ్యి, జీడిపప్పు వేసి, కాస్త పచ్చకర్పూరం తగిలించి లడ్డూ చుట్టుకోండి, ఎవరూ ఏమీ అనరు. దాన్నే డబ్బాలో పెట్టి "తిరుపతి లడ్డూ" అని అమ్మారా, దేవస్థానం వాళ్లు నోటీసు పంపిస్తారు. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం, 37వ సెక్షన్, అచ్చం ఇదే. ఆర్కిటెక్టులని నమోదు చేసే సంస్థ కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్, దాని రిజిస్టర్‌లో పేరు లేనివాళ్లు "ఆర్కిటెక్ట్" అని పెట్టుకోకూడదు. లడ్డూ చుట్టొద్దని, అంటే ప్లాన్ గీయొద్దని, ఎక్కడా లేదు.

ఇది నా సొంత కవిత్వం కాదు. ఢిల్లీ పక్కన నోయిడా పట్టణాన్ని చూసుకునే నోయిడా అథారిటీలో "అసోసియేట్ ఆర్కిటెక్ట్" అనే పోస్టుకి రిజిస్ట్రేషన్ లేనివాళ్లకి కూడా ప్రమోషన్ ఇచ్చేలా రూల్ పెట్టారు. కౌన్సిల్ కోర్టుకెక్కింది. 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఏమందంటే, పని చేయించుకోండి, ఆ పోస్టుకి ఆ పేరు మాత్రం వద్దు. అంటే డబ్బాలో లడ్డూ అలాగే ఉంచి, పైన స్టిక్కర్ మార్చమంది.

లాయర్ల చట్టం చూడండి, అక్కడ ప్రాక్టీసుకే గేటు వేశారు, నమోదు కానివాళ్లు ఆ పనే చేయకూడదు. ఇక్కడ పార్లమెంటు కావాలనే వేయలేదు. ఇంజినీర్లు తమ పని తాము చేసుకోవచ్చని బిల్లు తెచ్చినప్పుడే చెప్పేశారు. అది సరైన నిర్ణయమేనా అంటే, నాకైతే సగం పనే చేశారనిపిస్తుంది.

శిక్ష కూడా చూడండి మరి. మొదటిసారి దొరికితే 500 రూపాయల దాకా జరిమానా. ఇవాళ దాంతో ఇద్దరికి మంచి బిర్యానీ కూడా రాదు! మళ్లీ దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి దాకా జరిమానా, లేదా రెండూ. అదీ కేంద్రం ఆదేశంతోనో, కౌన్సిల్ అధికారమిచ్చిన మనిషో ఫిర్యాదు చేస్తేనే కోర్టు తీసుకుంటుంది. పక్కింటాయన కోపమొచ్చి వేసే కేసు కాదిది.

బీఆర్క్ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ ముక్క మీకే. ఐదేళ్లు చదివి డిగ్రీ పట్టా చేతికొచ్చినా సరిపోదు. రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఇన్‌స్టా బయోలో "ఆర్కిటెక్ట్" అన్న పదం పెట్టకండి.

టైమైపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ (తోటలూ, ఆరుబయలూ డిజైన్ చేసేవాళ్లు), నేవల్ ఆర్కిటెక్ట్ (ఓడలు డిజైన్ చేసేవాళ్లు), ఈ రెంటికీ చట్టంలోనే మినహాయింపు ఉంది. మాదాపూర్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో సొల్యూషన్ ఆర్కిటెక్టుల సంగతి అడగకండి, అలాంటి ఉద్యోగం ఒకటొస్తుందని 1972లో ఎవరికీ తట్టలేదు. విదేశీ ఆర్కిటెక్ట్ ఒక ప్రాజెక్టు కోసం వస్తే కేంద్రం ముందస్తు అనుమతి కావాలి. మున్సిపాలిటీలో ప్లాన్ అప్రూవల్ పూర్తిగా వేరే లెక్క, అక్కడ ఎల్‌టీపీ, అంటే లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్, లైసెన్సు చూస్తారు, అందులో ఇంజినీర్లూ ఉంటారు. ఆర్కిటెక్ట్‌నని చెప్పుకునే ఆయనకి మీరు అడ్వాన్స్ ఇచ్చే ముందు రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, "CA" అనే అక్షరాలతో మొదలవుతుంది, పక్కనే సంవత్సరం ఉంటుంది. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో కొట్టి చూసుకోండి. నంబర్ చెప్పడానికి నసిగితే, ఆ అడ్వాన్స్ మీ జేబులోనే ఉంచుకోండి.