ప్లేస్కూల్లో 'ఇమ్మర్సివ్ రూమ్': ఫీజు కట్టే ముందు ఇది చూడండి

[దృశ్యం: షోళింగనల్లూరు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ప్లేస్కూల్ రంగుల పాంప్లెట్.]

అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే చెన్నైలో ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వైపు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న. "ఆ స్కూల్లో ఇమ్మర్సివ్ రూమ్ ఉందట, ఫీజు ఎక్కువైనా చేర్పించేద్దామా అండీ?" ముందు ఆ గదిలో ఏముంటుందో చూద్దాం.

[యానిమేషన్: సీలింగ్‌కి ప్రొజెక్టర్, పక్కన సెన్సర్. నేలంతా నీళ్లు, చేపలు.]

పైనుంచి ప్రొజెక్టర్ నేల మీద బొమ్మ వేస్తుంది. పక్కనున్న సెన్సర్, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతితో, పిల్లల కాళ్లు ఎక్కడ పడుతున్నాయో కనిపెడుతుంది. చేప మీద కాలేస్తే చేప పారిపోతుంది. ఇది వెంటనే జరగాలి. ఆలస్యమైతే పిల్లాడు అప్పటికే గది అవతల ఉంటాడు, చేప తనవల్లే పారిపోయిందని వాడికి తెలియదు. టెక్నాలజీ మరీ కొత్తదేం కాదు. 2010లో మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌బాక్స్ ఆటల కోసం కినెక్ట్ తెచ్చినప్పుడే ఇలాంటి సెన్సర్లు ఇళ్లలోకి వచ్చేశాయి.

కళ్లకు తగిలించే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ సంగతి వేరు. పదేళ్లలోపు పిల్లలకి తన క్వెస్ట్ హెడ్‌సెట్ వద్దని మెటా కంపెనీయే అంటోంది. మూడేళ్లవాళ్లకి అది పెడతామనే స్కూల్ అయితే, కాఫీ కూడా తాగకుండా వచ్చేయండి.

[దృశ్యం: బెసంట్ నగర్ బీచ్, రాత్రి.]

అసలు చూడాల్సింది, ఆ నేల మీద ఏం వేస్తున్నారని. చెన్నైలో ఉంటూ నేల మీద అలలు వేయడం నాకైతే దండగ అనిపిస్తుంది. బస్సెక్కిస్తే నిజం అలలే ఉన్నాయి. కానీ బీచ్‌కి తీసుకెళ్లినా పిల్లలకి కనబడనివి కొన్నుంటాయి. జనవరి నుంచి మార్చి మధ్య ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిళ్లు ఈ ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. 1988 నుంచి ఇక్కడి విద్యార్థుల బృందం ఒకటి రాత్రంతా ఒడ్డు వెంట నడిచి, ఆ గుడ్లను హేచరీకి, అంటే గుడ్లు పొదిగేదాకా కాపాడే చోటికి, చేరుస్తోంది. నెలన్నర దాటాక బయటికొచ్చే పిల్ల తాబేళ్లు వెలుతురు ఎటుంటే అటు పాకుతాయి. చీకట్లో కాస్త వెలుగ్గా ఉండేది సముద్రమే. కానీ వీధి దీపాలుంటే దారి తప్పి రోడ్డెక్కుతాయి.

[యానిమేషన్: పిల్ల తాబేళ్లు, దీపాలు. నేల మీద నలుగురు పిల్లలు.]

ఇప్పుడు దీన్ని నేల మీద వేద్దాం. "అయ్యో, ఇవెటు పోతున్నాయి?" అని మాత్రం అడిగి టీచర్ ఊరుకుంటారు. ఒకడు దీపం మీద కాలేస్తాడు. అది ఆరిపోతుంది, రెండు తాబేళ్లు వెనక్కి తిరుగుతాయి. అన్నీ ఆరాలంటే నలుగురూ ఒకేసారి నాలుగు దీపాల మీద నిలబడాలి. "నువ్వక్కడ నిలబడు" అని తెలుగు పిల్ల అరుస్తుంది, "సరి, సరి" అంటూ తమిళ పిల్లాడు పరిగెడతాడు. ఇలాంటి ఆటకైతే డబ్బు పెట్టొచ్చు.

ఎక్కడ తొక్కినా మెరుపులు, చప్పట్లు వచ్చే ఆటలూ ఉంటాయి. బ్రోచర్ వీడియోలో అవే బాగుంటాయి. ఆలోచించకపోయినా చప్పట్లు వస్తుంటే పిల్లలు ఎందుకు ఆలోచిస్తారు?

ఇక స్క్రీన్ టైమ్. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు కూర్చుని తెర చూడటం రోజుకి గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఇక్కడ పిల్లలు కూర్చోరు కదా అంటారు స్కూల్ వాళ్లు. నిజమే. అయినా చీకటి గదీ పెద్ద చప్పుడూ కొందరు పిల్లల్ని భయపెడతాయి. తలుపు తీసి ఉంచుతారా అని అడగండి.

[దృశ్యం: ట్రేలో ఇసుక, చిన్న చేతులు.]

మారియా మాంటిస్సోరి 1939లో మన అడయార్‌కే వచ్చి టీచర్లకి శిక్షణ ఇచ్చారు. గరుకు కాగితపు అక్షరాల మీద పిల్లల చేత వేలు నడిపించే పద్ధతి ఆవిడదే. ప్రొజెక్టర్ వేసే ఇసుక చేతికి తగలదు. అందుకే ఆట అయ్యాక క్లాసులో నిజం ఇసుక ట్రే ఉందో లేదో చూడండి.

డెమో ఖాళీ గదిలో వద్దు, పిల్లలున్నప్పుడే చూపించమనండి. ప్రొజెక్టర్ చెడిపోతే ఎన్నాళ్లకి బాగు చేయిస్తారో కూడా అడగండి. ఫీజు కాగితంలో 'టెక్నాలజీ చార్జీ' అని విడిగా ఉంటే, అది మొదటి ప్రశ్న.