"బ్యాటరీ వేస్తే చాలు, నడుస్తుంది": పాత డిజిటల్ వాచీ కొనాలా, వద్దా?

(తెర మీద: బల్ల, దాని మీద నాలుగు పాత డిజిటల్ వాచీలు, సన్నటి స్క్రూడ్రైవరు, మల్టీమీటరు.)

నమస్కారం. ఈ రోజు ఒక్క వాక్యంతో పోట్లాడటానికి కూర్చున్నాను. "బ్యాటరీ అయిపోయిందండీ, కొత్తది వేస్తే చాలు, నడుస్తుంది." పాత డిజిటల్ వాచీ అమ్మే మనిషి నోట ఈ మాట రాకుండా బేరం మొదలుకాదు. ఆన్‌లైన్ ప్రకటనల్లో ఇదే, పాత సామాను కొట్లలో ఇదే, చివరికి అటక మీద నుంచి వాచీ దింపి ఇచ్చే మేనమామ కూడా ఇదే అంటాడు.

కాస్త లెక్క వేయండి. బ్యాటరీ ఖరీదు వంద రూపాయల లోపే. వంద పెట్టి వాచీని నడిపించి చూపిస్తే ధర రెట్టింపు అడగవచ్చు. మరి ఎందుకు వేయలేదు? నా అనుమానం ఒక్కటే: వేసి చూశారు. నడవలేదు. తీసేశారు. అందరూ అలా చేస్తారని అనను, కానీ డబ్బు ఇచ్చేది మీరు కాబట్టి అలాగే అనుకుని బేరం ఆడండి.

విశాఖలో ఉన్నవారికి ఇది ఒకరు నేర్పాలా? పొద్దున్నే ఫిషింగ్ హార్బరుకి వెళ్లి వంజరం కొంటాం. అమ్మే ఆవిడ "ఇప్పుడే పడవ దిగిన చేప బాబూ" అంటుంది. మనం నవ్వుతాం, తల ఊపుతాం, చేతులు మాత్రం మొప్ప ఎత్తి చూస్తాయి. ఎర్రగా ఉంటే బేరం, గోధుమ రంగుకి తిరిగితే పక్క గంప. ఆవిడ మాట మీద అనుమానం కాదు, అది పద్ధతి. అదే మనిషి వాచీ దగ్గరికి వచ్చేసరికి పైన మెరిసే స్టీలు పొలుసు చూసి జేబులో చెయ్యి పెడతాడు! మొప్ప ఎత్తడు.

ఇక్కడ ఇంకో అపోహ. "మా తాతగారి హెచ్ఎంటీ అరవై ఏళ్లయినా నడుస్తోంది, ఇది నలభై ఏళ్లదే కదా." నడవదని ఎవరన్నారు? కీ ఇచ్చే వాచీ ఎండు చేప. లోపల ఉన్నది స్ప్రింగు, పళ్లచక్రాలు, ఇరుసులు. ఇరుసు విరిగితే నేర్పున్న మేస్త్రి లేతు మీద కొత్తది చేయగలడు. నూనె మార్చి, మురికి తుడిస్తే ఇంకో తరం నడుస్తుంది. డిజిటల్ వాచీ పచ్చి చేప. దాని లోపల ఒక చిప్పు, ఒక క్వార్ట్జ్ స్ఫటికం, ఒక గాజు తెర, ఇంతే. ఆ చిప్పు చేసిన కార్ఖానా దాన్ని మానేసి దశాబ్దాలైంది. జగదాంబ జంక్షన్‌లో కాదు కదా, జపాన్‌లో కూడా ఎవరూ చేసి ఇవ్వరు. చిప్పు పోతే అదే రకం వాచీ ఇంకొకటి కొని, దాన్ని చంపి దీన్ని బతికించాలి. అందుకే ముందు చూడాల్సింది అందం కాదు, ప్రాణం.

మొప్ప ఎక్కడ ఉంటుందో చూద్దాం. మొదటిది తెర. ఇక్కడ కొంచెం ఎక్కువ సేపు ఆగుతాను, ఎందుకంటే అసలు మోసపోయేది ఇక్కడే.

(తెర మీద: ఎల్‌సీడీ అడ్డకోత బొమ్మ.)

ఎల్‌సీడీ అంటే రెండు గాజు పలకలు, వాటి మధ్య వెంట్రుక కంటే సన్నటి ఖాళీలో ద్రవ స్ఫటికం. గాజుకి పైన ఒకటి, కింద ఒకటి పోలరైజర్ పొరలు, అంటే ఒకే దిశలో ఊగే వెలుతురును మాత్రమే వదిలే పొరలు. మామూలుగా ఆ స్ఫటికం వెలుతురును మెలితిప్పి పంపిస్తుంది. విద్యుత్తు తగిలిన చోట మెలిక విడిపోతుంది, పోలరైజర్ వెలుతురును ఆపేస్తుంది, ఆ గీత మనకు నల్లగా కనిపిస్తుంది. అంకె అంటే అంతే, వెలుతురు ఆగిన చోటు.

ఇప్పుడు రోగాలు. తెర మొత్తం గోధుమ రంగుకో, ఊదా రంగుకో తిరిగి, అంకెలు వెలిసిపోయినట్టు ఉంటే పోలరైజర్ పాడైంది. ఆ పొర సెల్యులోజ్ ఎసిటేట్‌తో చేసినది. వేడికీ తేమకీ అది విరిగి ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే వెనిగర్ వాసన వస్తుంది. అవును, వాచీని వాసన చూడమంటున్నాను! చేపను చూడరా? దుకాణంలో నవ్వుతారు, నవ్వనివ్వండి. ఈ రోగానికి మందు ఉంది: పాత పొర గీకేసి కొత్త పోలరైజర్ ముక్క కోసి అంటిస్తారు. ఓపిక పని, కానీ అయ్యే పని. కాబట్టి ఇది ధర తగ్గించమని అడగడానికి కారణం, వదిలేయడానికి కాదు.

అదే, తెర మూల నుంచి సిరా ఒలికినట్టు నల్ల మచ్చ పాకుతుంటే? గాజు పగిలింది, లేదా అంచున ఉన్న సీలు ఊడింది, లోపలి ద్రవం కారుతోంది. దీనికి మందు లేదు. ఇది కుళ్లిన మొప్ప. "చిన్న మచ్చే కదండీ" అంటారు. ఇవాళ చిన్నది.

మూడోది భలే తమాషాది. ఎనిమిది అంకెలో ఒక గీత రాదు, లేదా సగం అంకెలే కనిపిస్తాయి. చూడగానే చిప్పు పోయిందనుకుంటాం. చాలాసార్లు కారణం జీబ్రా స్ట్రిప్. చిప్పు ఉన్న పలకకీ గాజు తెరకీ మధ్య రబ్బరు ముక్క ఒకటి ఉంటుంది. విద్యుత్తు పారే పొర, పారని పొర, మళ్లీ పారే పొర, ఇలా చారలు చారలుగా పేర్చినది. అక్కడ టంకం ఉండదు, ఒత్తిడే సంబంధం. కాస్త మురికి పట్టినా, రబ్బరు కదిలినా గీతలు మాయం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి సరిగా కూర్చోబెడితే తరచుగా తిరిగొస్తాయి. తెలిసినవాడికి ఇది పండగ: అమ్మేవాడు చచ్చిందనుకుంటాడు, మీరు సగం ధరకి బతికున్నదాన్ని కొంటారు. పైకి వాడిపోయినా మొప్ప ఎర్రగా ఉన్న చేప ఇదే!

తెర అయ్యింది, వెనుక మూత తీయించండి. తీయనంటే మీరు కొనవద్దు. అది ఇద్దరికీ గౌరవం.

బ్యాటరీ గూట్లో తెల్లటి, ఆకుపచ్చటి పొడి ఉందా చూడండి. బ్యాటరీకి తగిలే లోహపు రేకు మీద మాత్రమే ఉంటే తుడిస్తే పోతుంది. చిప్పు పలక మీద రాగి గీతలు తినేసి ఉంటే నమస్కారం పెట్టి లేవండి. ఈ విషయంలో మన ఊరు కొంచెం పాపం చేసుకుంది. సముద్రపు గాలిలో ఉప్పు, ఏడాదిలో సగం రోజులు తేమ. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో కిటికీ ఊచలు ఎలా తుప్పు పడతాయో చూస్తూనే ఉన్నాం. మూత అంచున ఉండే రబ్బరు రింగు నలభై ఏళ్లకి గట్టిపడి పగుళ్లు తీస్తుంది, ఆ పగుళ్లలోంచి ఈ గాలి లోపలికి వెళుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఎన్ని అటకలు తడిశాయో మీకు తెలుసు. అందుకే "మా ఇంట్లోనే భద్రంగా ఉంది" అన్న వాచీకి కూడా మూత తీయించండి. ఓడల్లో పనిచేసినవాళ్లు విదేశాల నుంచి తెచ్చినవి మన పోర్టు ఊళ్లో అటకల మీద ఉంటాయి, మంచి సరుకే, కానీ ఇదే గాలి పీల్చిన సరుకు.

మీ బ్యాటరీ మీరే తీసుకెళ్లండి. ఏ సైజు కావాలో ముందే ఫోన్లో అడగండి. వేసిన వెంటనే తెర రాకపోతే కంగారు వద్దు: చాలా కాసియో పలకల మీద ఏసీ, అంటే ఆల్ క్లియర్, అని రాసిన చిన్న చుక్క ఉంటుంది. ఆ చుక్కనీ బ్యాటరీ ప్లస్ వైపునీ ఒక లోహపు ముక్కతో రెండు సెకన్లు కలిపితే చిప్పు మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. ఈ ఒక్క పని చేయక "చచ్చిపోయింది" అని పారేసిన వాచీలు ఎన్నో.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన పరీక్ష. నడుస్తోంది, అంకెలు వచ్చాయి, అందరూ సంతోషంగా ఉన్నారు. ఆగండి. మల్టీమీటరు పెట్టి అది ఎంత విద్యుత్తు తాగుతోందో చూడండి. ఆరోగ్యంగా ఉన్న ఎల్‌సీడీ వాచీ తాగేది ఒకటి, రెండు మైక్రోఆంపియర్లు. సీఆర్2016 అనే బిళ్ల బ్యాటరీలో సుమారు 90 మిల్లీఆంపియర్ గంటలు ఉంటాయి, ఒక మిల్లీ అంటే వెయ్యి మైక్రోలు. ఒకటిన్నర మైక్రోఆంపియర్ చొప్పున లెక్క వేస్తే 60,000 గంటలు, అంటే దాదాపు ఏడేళ్లు. అదే 20 మైక్రోఆంపియర్లు తాగుతుంటే? 4,500 గంటలు. ఆరు నెలలు. తేమ వల్ల లోపల ఎక్కడో దొంగ దారి పడింది. కొట్లో నడిచిన వాచీ దసరాకి కొంటే ఉగాది దాటగానే ఆగేది ఇందుకే. ఐసులో పెట్టిన చేప కూడా గంప మీద బాగానే ఉంటుంది.

(తెర మీద: పాత ఎర్ర అంకెల వాచీ.)

ఎర్ర అంకెల వాచీల గురించి చాలామంది అడిగారు. అవి ఎల్‌ఈడీలు, అంటే అంకెలే చిన్న దీపాల్లా వెలుగుతాయి, వాటి సంగతి వేరు. హామిల్టన్ కంపెనీ పల్సర్ అనే ఎర్ర అంకెల వాచీని 1970లో ప్రకటించి, 1972లో అమ్మకానికి పెట్టింది. మొదటిది 18 క్యారెట్ల బంగారంతో, ధర 2,100 డాలర్లు. అంత ఖరీదైన వాచీకి బొత్తాం నొక్కితే కానీ టైము కనిపించదు! ఎందుకంటే ఎర్ర అంకెలు ఎప్పుడూ వెలిగితే బ్యాటరీ గంటల్లో ఖాళీ అవుతుంది. కాబట్టి నల్లగా కనిపించినంత మాత్రాన అది చచ్చినట్టు కాదు, ముందు బొత్తాం నొక్కండి. కొన్ని పల్సర్‌లలో టైము మార్చడానికి కూడా బొత్తాలు ఉండవు, గొలుసు కొక్కెంలో దాచిన చిన్న అయస్కాంతాన్ని వెనుక తాకించాలి. గొలుసు మారిపోయి ఉంటే ఆ అయస్కాంతం కూడా పోయినట్టే, వేరే చిన్నది వాడుకోవచ్చు. చూడటానికి ముచ్చటే. రోజూ పెట్టుకోవడానికి? ఒక చేతికి వాచీ, దాన్ని నొక్కడానికి రెండో చెయ్యి. ఆర్టీసీ బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడి టైము చూడండి, తెలుస్తుంది.

1973లో సీకో ఆరంకెల ఎల్‌సీడీ వాచీ తెచ్చింది, 1974లో కాసియో వారి కాసియోట్రాన్ వచ్చింది, ఎప్పుడూ కనిపించే అంకెలు వచ్చాక ఎర్ర అంకెల కథ కొన్నేళ్లలోనే ముగిసింది.

టైము నాకే అయిపోతోంది, మిగిలినవి వేగంగా.

పాతది అని అమ్మేది అసలు పాతదేనా? కాసియో ఎఫ్-91డబ్ల్యూ 1989లో వచ్చింది, ఇప్పటికీ తయారవుతోంది, కొత్తదే రెండు వేల లోపు దొరుకుతుంది. దాన్ని "అరుదైన పాత వాచీ" అని నాలుగు వేలు చెప్పేవాళ్లున్నారు. వెనుక మూత మీద చిన్న గడిలో మాడ్యూల్ నంబరు, అంటే లోపలి యంత్రం నంబరు ఉంటుంది, దాన్ని వెతికితే లోపల ఏ రకం యంత్రం ఉందో తెలుస్తుంది. నకిలీ ఎఫ్-91డబ్ల్యూ పట్టడానికి కుడివైపు బొత్తాం మూడు సెకన్లు నొక్కి పట్టండి, అసలుదైతే తెర మీద కాసియో పేరు వస్తుంది.

క్యాలెండరు. కొన్ని చిప్పుల్లో సంవత్సరాలకు హద్దు ఉంటుంది, దాటితే వారం తప్పుతుంది. చిట్కా: 28 ఏళ్లు వెనక్కి పెట్టండి. 2026కి బదులు 1998 పెడితే తేదీలు, వారాలు అచ్చంగా సరిపోతాయి.

నీళ్లు. మూత మీద ఏ మాట రాసి ఉన్నా పాత రబ్బరుతో సముద్రంలో దిగకండి. చేతులు కడుక్కునేటప్పుడు కూడా తీసేయండి.

అలారం మోగదా? వెనుక మూతకి తగిలే సన్నటి స్ప్రింగు ఉంటుంది, మూత తీసిన ఎవరో పోగొట్టి ఉంటారు. చిన్న లోపం.

మరి కొనాలా, వద్దా? రోజూ పెట్టుకోవడానికైతే వద్దు, కొత్త ఎఫ్-91డబ్ల్యూ కొనండి, అదే ముఖం, అదే మోత. నాన్నగారి వాచీ అయితే ఇది కొనడం ప్రశ్నే కాదు, బాగు చేయించండి, ఖర్చు గురించి నన్ను అడగకండి. ఒక తరం యంత్రం ఎలా ఆలోచించిందో చేతిలో పట్టుకుని చూడాలనే సరదా ఉంటే కొనండి, కానీ నడుస్తున్నదే కొనండి. నడవనిదానికి విడిభాగాల ధరే ఇవ్వండి. రేపు ధర పెరుగుతుందని కొనేవాళ్లకు మాత్రం నా దగ్గర సలహా లేదు. పచ్చి చేపను ఎవరూ బ్యాంకులో దాచరు.

వచ్చే వీడియోలో పోలరైజర్ మార్చడం చేసి చూపిస్తాను. నాతో పాటు చేయాలనుకునేవారు బ్లేడు, ఆల్కహాల్, పోలరైజర్ ముక్క సిద్ధం చేసుకోండి. బల్ల మీద తెల్ల గుడ్డ పరచండి, ఫ్యాను ఆపేయండి. ఆ స్క్రూలు కింద పడితే మళ్లీ కనిపించవు.