లూవర్ పెర్గోలా: మన ఎండకు, తుపాను గాలికి నిలిచేది ఎలా ఎంచుకోవాలి?

తమ్ముడు: నమస్కారం. ఇంటి తోటల గురించి మాట్లాడుకునే మన పాడ్‌కాస్ట్‌కి స్వాగతం. ఈ మధ్య నెల్లూరు మాగుంట లేఅవుట్ నుంచి, కావలి నుంచి, ఒంగోలు నుంచి ఒకే ప్రశ్న పదేపదే వస్తోంది. పెరట్లో తెరుచుకుని మూసుకునే కప్పుతో పెర్గోలా వేయించాలనుకుంటున్నాం, ఏది తీసుకోమంటారు అని. స్ట్రక్చరల్ ఇంజనీరుగా పనిచేసే మా అక్కను అందుకే కూర్చోబెట్టాను. అక్కా, ముందు అసలు ఇదేందో రెండు ముక్కల్లో చెప్పు.

అక్క: నాలుగు అల్యూమినియం స్తంభాలు, చుట్టూ దూలాలు, పైన వరసగా పేర్చిన పొడవాటి పలకలు. ఆ పలకల్నే లూవర్లు అంటారు, మన ఫిట్టర్లు రెక్కలు అంటున్నారు. ఒక్కో రెక్క తన ఇరుసు మీద తిరుగుతుంది. అన్నీ పడుకోబెడితే ఒకదాని అంచు ఇంకోదాని మీదికెక్కి కప్పు అయిపోతుంది. నిలబెడితే ఆకాశం కనపడుతుంది. చేత్తో తిప్పే హ్యాండిల్ రకం ఉంది, మోటారు రకం ఉంది.

తమ్ముడు: మనకు చలువ పందిరి ఉంది కదా. దానికంటే ఇందులో ఏముంది?

అక్క: చలువ పందిరికి నేను తక్కువ మార్కులు వెయ్యనురా. తాటాకు సందుల్లోంచి వేడి గాలి పైకి పోతుంది, అందుకే రోహిణి కార్తెలో కూడా దాని కింద కూర్చోగలం. రేకుల షెడ్డు కింద ఎందుకు ఉడికిపోతాం? వేడి పోయే దారి లేదు. లూవర్ కప్పును కొంచెం తెరిచిపెడితే నీడ ఉంటుంది, వేడీ బయటికి పోతుంది. వాన మొదలైతే మూసుకోవచ్చు, తాటాకుతో అది కుదరదు, పైగా దాన్ని మళ్లీ మళ్లీ నేయించాలి. ఈ రెండు పనులూ ఒకే కప్పు చేస్తుంది కాబట్టే దీనికి డబ్బు పెట్టొచ్చు అంటాను.

తమ్ముడు: కొనేటప్పుడు మొదట ఏం చూడాలి? షోరూముకు పోతే రంగులు, రిమోటు, చుట్టూ ఎల్‌ఈడీ లైట్లు చూపిస్తున్నారు.

అక్క: మొదట గాలి. మనకు ఐఎస్ 875 మూడో భాగం అని ఒక ప్రమాణం ఉంది. ఏ ఊళ్లో ఎంత గాలికి కట్టాలో అందులో రాశారు. నెల్లూరుకు సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాదుకు 44, బెంగళూరుకు 33.

తమ్ముడు: 33కీ 50కీ మరీ అంత తేడా ఉందా?

అక్క: గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. ఆ లెక్కన బెంగళూరులో నిలబడే పెర్గోలా మీద పడే ఒత్తిడికి రెండింతలకు పైగా మన ఊళ్లో పడుతుంది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను గురించి మన పెద్దవాళ్లను అడుగు, ఆ గాలి ఎట్టా ఉంటుందో వాళ్లు చెబుతారు. బెంగళూరు తోటలో దిగిన ఫొటో చూసి అదే మోడల్ ఇక్కడ పెట్టుకుంటామంటే నాకు టెన్షన్ పట్టుకుంటుంది.

తమ్ముడు: కూలిపోతుందనా?

అక్క: కూలడం కంటే లేచిపోవడం గురించి ఎక్కువ ఆలోచించాలి. మూసిన కప్పు కింద గాలి దూరితే పైకి ఎత్తుతుంది. అందాజుగా ఒక లెక్క చూద్దాం. సెకనుకు 50 మీటర్ల గాలికి చదరపు మీటరు మీద దాదాపు 150 కిలోల ఒత్తిడి. 12 అడుగులు, 15 అడుగుల పెర్గోలా అంటే పదహారున్నర చదరపు మీటర్ల పైమాటే. మొత్తం రెండున్నర టన్నులు. అల్యూమినియం తేలికైనది, దాని సొంత బరువు ఇందులో ఏ మూలకు? పట్టుకోవాల్సింది పునాదే.

తమ్ముడు: కానీ చాలామంది టైల్స్ మీదే బేస్ ప్లేటు పెట్టి, నాలుగు బోల్టులు బిగించి వెళ్లిపోతున్నారక్కా.

అక్క: టైలు కింద రెండు మూడు అంగుళాల బెడ్ కాంక్రీటు, దాని కింద ఇసుక. ఆ బోల్టు దేన్ని పట్టుకుంటుంది చెప్పు? ప్రతి స్తంభం కింద గుంత తవ్వి కాంక్రీటు దిమ్మె పోయాలి. పొడవు, వెడల్పు, లోతు రెండున్నర అడుగులు ఉండే దిమ్మె ఒక్కోటి సుమారు టన్ను బరువుంటుంది. నాలుగూ కలిపి నాలుగు టన్నులు. యాంకర్ బోల్టులు ఆ దిమ్మెలో ముందే పాతి పెట్టాలి. మట్టిని బట్టి సైజు మారుతుంది, ఇంజనీరు ఒకసారి చూస్తే చాలు. మిద్దె మీద పెట్టేవాళ్లయితే స్లాబులో ఎక్కడ బిగించాలో తప్పకుండా చూపించుకోవాలి, దూలం ఉన్నచోట వేరు, ఉత్త స్లాబు వేరు. అడ్డదిడ్డంగా డ్రిల్ చేస్తే కింద గదిలోకి నీళ్లు కారతాయి.

తమ్ముడు: తుపాను హెచ్చరిక వచ్చిందనుకో. రెక్కలు మూసి పెట్టాలా, తెరిచి పెట్టాలా? నాకైతే మూస్తేనే భద్రం అనిపిస్తుంది.

అక్క: చాలామందికి అట్టాగే అనిపిస్తుంది. సాధారణంగా తెరిచి, నిలువుగా నిలబెట్టాలి. గాలి సందుల్లోంచి పోతుంది, ఎత్తే బలం తగ్గుతుంది. కానీ కొన్ని కంపెనీలు వాళ్ల తాళం విధానాన్ని బట్టి వేరే భంగిమ చెబుతాయి. అందుకని కొనకముందే రాతపూర్వకంగా అడగాలి: ఎంత గాలి వరకు మూసి ఉంచొచ్చు, ఎంత దాటితే తెరవాలి, తెరిచినప్పుడు ఎంత గాలికి తట్టుకుంటుంది? ఈ మూడు అంకెలూ ఇవ్వలేని కంపెనీ దగ్గర కొనొద్దు.

తమ్ముడు: గాలి సెన్సరు ఉంటుంది, దానంతటదే తెరుచుకుంటుంది అంటున్నారు.

అక్క: మంచిదే, పెట్టించుకోండి. అయితే మన దగ్గర తుపాను తీరానికి రాకముందే కరెంటు తీసేస్తారు. మోటారుకు బ్యాటరీ లేకపోతే రెక్కలు ఎక్కడున్నవి అక్కడే ఆగిపోతాయి. బ్యాటరీ బ్యాకప్ అయినా ఉండాలి, చేత్తో తిప్పే ఏర్పాటైనా ఉండాలి. రేవుల్లో ప్రమాద హెచ్చరిక పెంచారని వార్త వినగానే, కరెంటు ఉండగానే తెరిచి పెట్టుకోవాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. వాన సెన్సరు మూయమంటుంది, గాలి సెన్సరు తెరవమంటుంది. రెండూ ఒకేసారి వస్తే ఎవరి మాట చెల్లుతుంది? గాలి మాట చెల్లాలి. సెట్టింగు అట్టా ఉందో లేదో బిగించేవాళ్ల చేత చేయించి చూడండి.

తమ్ముడు: ఇక ఎండ సంగతి. రెక్కలు ఏ దిక్కుకు ఉండాలి?

అక్క: ఇది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న, ఎందుకంటే విదేశీ బ్రోచర్లలో ఉండే సలహా ఇక్కడ సరిపోదు. యూరప్‌లో మధ్యాహ్నం ఎండ ఎప్పుడూ దక్షిణం నుంచి వాలుగా వస్తుంది. అందుకని అక్కడ రెక్కల్ని తూర్పు పడమరలుగా పెట్టమంటారు. నెల్లూరు ఉన్నది పద్నాలుగున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర. ఏప్రిల్ ఆఖరులో ఒకసారి, ఆగస్టు నడుమ ఇంకోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికొస్తాడు. ఆ మధ్య నెలల్లో మధ్యాహ్నం కాస్త ఉత్తరానికే జరుగుతాడు. మనకు ఎండ పొద్దున తూర్పు నుంచి ఎక్కి సాయంత్రం పడమరకు దిగుతుంది, అంతే. కాబట్టి రెక్కల పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉంటే మేలు. పొద్దున తూర్పు ఎండకు అడ్డంగా తిప్పొచ్చు, మధ్యాహ్నం దాటాక పడమటికి తిప్పి, తూర్పు ఆకాశం వైపు సందు వదలొచ్చు.

తమ్ముడు: స్థలం అందుకు కుదరకపోతే?

అక్క: కొన్ని కంపెనీలు కప్పును రెండు భాగాలు చేసి రెక్కల దిక్కు మార్చి ఇస్తాయి, అడగండి. అయినా ఒక మాట ముందే చెప్పాలి, సాయంత్రం ఎండను ఏ కప్పూ ఆపలేదు. మే నెలలో నాలుగున్నర ప్రాంతానికి సూర్యుడు 30 డిగ్రీల ఎత్తుకు దిగుతాడు. అప్పుడు 9 అడుగుల ఎత్తున్న కప్పు నీడ 15 అడుగులు తూర్పుకు జరిగిపోతుంది. అంటే 12 అడుగుల వెడల్పు పెర్గోలా కింద నేల మీద నీడే ఉండదు, ఆ నీడంతా పక్కనున్న మొక్కల మీద పడుతుంది. పడమటి వైపు తెర కావాలి. కిందికి దిగే జిప్ స్క్రీన్ ఉంటుంది. అంత ఖర్చెందుకనుకుంటే వెదురు తడిక కట్టినా నిక్షేపంగా పనిచేస్తుంది.

తమ్ముడు: రంగు?

అక్క: తెలుపు, లేకపోతే లేత గోధుమ. ముదురు బూడిద రంగు ఇప్పుడు ఫ్యాషన్, కానీ అది ఎండను తాగి కిందికి వేడి వదులుతుంది. రెక్క లోపల బోలుగా, రెండు పొరలుగా ఉంటే ఇంకా నయం. సీలింగ్ ఫ్యాన్ కావాలంటే దూలం, వైరు ముందే అనుకోవాలి, తర్వాత తగిలించడం కష్టం.

తమ్ముడు: వాన నీళ్లు ఎటు పోతాయి?

అక్క: ప్రతి రెక్క అంచునా చిన్న కాలువ ఉంటుంది. అందులోంచి చుట్టూ ఉన్న దూలంలోకి, అక్కడ నుంచి స్తంభం లోపలి గొట్టం గుండా కిందికి. మనకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, అదీ కుండపోతగా. గంటకు 60 మిల్లీమీటర్ల వాన పడితే ఇందాక చెప్పిన పెర్గోలా మీద గంటకు వెయ్యి లీటర్ల నీళ్లు దిగుతాయి. ఒక్క స్తంభం గుండా దించితే పొంగి మీద పడతాయి. కనీసం రెండు స్తంభాల్లో గొట్టాలుండాలి. కింద వచ్చే నీటిని టైల్స్ మీద వదలకుండా ఇంకుడు గుంతకు కలిపితే మొక్కలకూ మంచిది, బోరుకూ మంచిది. వేపచెట్టు కింద పెట్టేవాళ్లు మాత్రం ఆ కాలువలు ఊడ్చుకోవడానికి సిద్ధపడాలి. ఆకు రాలే కాలం, పూత రాలే కాలం రెండూ అయ్యాక నిచ్చెన వేసుకుని శుభ్రం చేయాల్సిందే. కొబ్బరిచెట్టు కింద అసలే వద్దు. మట్ట పడినా రెక్క సొట్ట పోతుంది, ఇక అది తిరగదు.

తమ్ముడు: మైపాడు, కొత్తపట్నం వైపు వాళ్లకు ఉప్పుగాలి ఉంటుంది కదా. అల్యూమినియం తుప్పు పట్టదంటారు.

అక్క: ఇనుములా ఎర్రగా తుప్పు పట్టదు. కానీ ఉప్పుకు తెల్లగా పొడి పొడిగా తినేస్తుంది, ముఖ్యంగా స్క్రూల దగ్గర. మామూలు ఇనుప స్క్రూ అల్యూమినియంకు తగిలి, పైన ఉప్పుతేమ చేరితే రెండిట్లో అల్యూమినియమే ముందు కరుగుతుంది. సముద్రం దగ్గరైతే 316 గ్రేడు స్టెయిన్‌లెస్ బోల్టులు అడగండి, 304 సరిపోదు. బోల్టుకూ అల్యూమినియంకూ నడుమ నైలాన్ వాషరు ఉండాలి. తీరప్రాంతానికి పనికొచ్చే పౌడర్ కోటింగ్ కావాలని ఆర్డర్లోనే రాయించండి. వారంటీ కాగితం చివరిదాకా చదవండి, సముద్రానికి ఇన్ని మీటర్ల లోపల ఉంటే వర్తించదు అని కొన్నిట్లో ఉంటుంది. నెలకోసారి మంచినీళ్లతో కడగాలి. ఆ ఊళ్లలో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే ఉన్న ఉప్పుకు ఇంకొంచెం కలిపినట్టే.

తమ్ముడు: దాని మీద మల్లె, సన్నజాజి పాకించొచ్చా అని ఒక చెల్లెలు అడిగింది.

అక్క: రెక్కల మీదికి వద్దమ్మా. తీగ ఇరుసులో చుట్టుకుంటే మోటారు బిగుసుకుపోతుంది. పడమటి వైపు విడిగా ఒక జాలీ నిలబెట్టి దాని మీద పాకించు. నాలుగున్నర ఎండకు అదే తెర అవుతుంది, సాయంత్రానికి పూలూ వస్తాయి. ఆ వైపు స్క్రీన్ ఖర్చు తప్పుతుంది.

తమ్ముడు: కొటేషన్ తీసుకునేటప్పుడు?

అక్క: చదరపు అడుగు రేటు చెబుతారు. అందులో పునాది, మోటారు, సెన్సర్లు, రవాణా, బిగింపు, జీఎస్టీ కలిసి ఉన్నాయా అని విడివిడిగా రాయించుకోండి. మోటారు చెడితే ఎవరొచ్చి చూస్తారు, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి అని కూడా. ప్రహరీకి ఆనించి, సెట్‌బ్యాక్ స్థలంలో, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలో పెట్టాలనుకుంటే మున్సిపాలిటీలో ముందే అడగండి.

తమ్ముడు: ఆర్డరు ఎప్పుడివ్వాలి మరి?

అక్క: పునాది దిమ్మెలు ఎండాకాలంలోనే పోసి బాగా తడపండి. కప్పు సెప్టెంబరు లోపల ఎక్కాలి. ఎక్కించిన రోజే రెక్కలు మూయించి, మీదికి పైపుతో ఓ పావుగంట గట్టిగా నీళ్లు కొట్టించండి. ఏ కీలు దగ్గర చుక్క పడుతుందో కింద నిలబడి చూడండి. తర్వాత మెయిన్ స్విచ్ ఆపేసి రెక్కలు తెరవమనండి. రెండూ సరిగ్గా జరిగాకే చివరి వాయిదా డబ్బు ఇవ్వండి.