గుడ్లు కనిపించాయా? వసంతంలో తేనెటీగల పెట్టెలపై రైతుల ఫోన్-ఇన్

(అనంతపురం స్టూడియో నుంచి శనివారం ఉదయం ప్రత్యక్షంగా ప్రసారమైన కార్యక్రమానికి అక్షరరూపం. ఫోన్ చేసినవారిని ఊరి పేరుతో మాత్రమే పేర్కొన్నాము.)

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. చీనీ (బత్తాయి) పూత ముగిసి, వేప, కానుగ పూతకు వస్తున్న ఈ రోజుల్లో, పెట్టెల్లోని ఈగలు ఉన్నట్టుండి తగ్గిపోతున్నాయని, గుంపులుగా లేచి పోతున్నాయని చాలామంది రైతులు అడుగుతున్నారు. సమాధానాలు చెప్పడానికి, చాలా ఏళ్లుగా తేనెటీగల పెంపకంలో రైతులకు శిక్షణ ఇస్తున్న నిపుణులు మన స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోన్ తాడిపత్రి దగ్గరి నుంచి. చెప్పండి.

తాడిపత్రి రైతు: నమస్కారం సార్. నాకు పుట్టతేనెటీగల పెట్టెలు మూడున్నాయి, ఇంటి వెనక చింతచెట్టు కింద పెట్టుకున్నాను. పోయిన ఆదివారం ఒక పెట్టె తెరిచి చూస్తే ఈగలు సగానికి సగం తగ్గి ఉన్నాయి. చట్రాల అడుగున చెనిక్కాయ (వేరుశనగ) బుడ్డల మాదిరి ఐదారు వేలాడుతున్నాయి. అవి ఉంటే ఈగలు లేచిపోతాయని ఎవరో చెప్పగా విని, అన్నీ కోసి పారేశాను. గురువారం చూస్తే మళ్ళీ కట్టాయి, మళ్ళీ కోసేశాను. ఇప్పుడు పెట్టె దగ్గరికి పోతే ఈగలు అదో మాదిరిగా రొద చేస్తున్నాయి.

నిపుణుడు: చెనిక్కాయ బుడ్డ అని సరిగ్గా చెప్పారు. రాణి ఈగ పెరిగే అరను ఇంతకంటే బాగా వర్ణించలేము. ఒక్క విషయం గుర్తు చేసుకొని చెప్పండి. ఆదివారం కోసినవి అట్ట (చట్రంలో ఈగలు కట్టిన మైనపు అరల పలక) అడుగు అంచున ఉన్నాయన్నారు. గురువారం కోసినవి కూడా అక్కడే ఉన్నాయా?

తాడిపత్రి రైతు: లేదు సార్. అవి అట్ట నడుమన, పిల్లలున్న చోట ఉన్నాయి. కొంచెం చిన్నవి.

నిపుణుడు: ఆ తేడాలోనే మీ సమస్య అంతా ఉంది. పుప్పొడి, మకరందం సమృద్ధిగా దొరికి, పెట్టె ఇరుకైనప్పుడు పట్టు, అంటే ఈగల కుటుంబం, రెండుగా చీలడానికి సిద్ధపడుతుంది. అప్పుడు కూలి ఈగలు అట్ట అడుగు అంచున రాణి అరలు కడతాయి. వాటిలో మొదటిదానికి మూత పడే రోజుల్లోనే పాత రాణి దాదాపు సగం ఈగలను వెంటబెట్టుకొని బయటికి వెళ్ళిపోతుంది. అంటే మీరు ఆదివారం చూసేసరికే గుంపు వెళ్ళిపోయింది. మీరు కోసినవి, ఆ పెట్టెకు కాబోయే రాణులు. ఇల్లాలు లేని ఇల్లయింది గనుక, మిగిలిన ఈగలు దొరికిన లేత పురుగుల్లో కొన్నింటిని ఎంచుకొని, అవి ఉన్నచోటనే, అంటే అట్ట నడుమనే, అత్యవసరంగా రాణి అరలు కట్టుకున్నాయి. గురువారం వాటినీ తీసేశారు.

తాడిపత్రి రైతు: అయితే ఇక ఆ పెట్టె పోయినట్టేనా సార్?

నిపుణుడు: అప్పుడే ఆ మాట అనవద్దు. ఎండ ఇంకా ముదరలేదు, పెట్టె ఇంటి వెనకనే ఉందన్నారు. కొంచెం పొగ పట్టించి, నడుమ చట్రం ఒకటి పైకి తీసి, ఎండ మీ భుజం మీదుగా అరల అడుగున పడేటట్లు పట్టుకొని చూడండి. గుడ్డు నూక కంటే సన్నగా, తెల్లగా, అర అడుగున అతికించినట్టు ఉంటుంది. పెట్టిన రోజు నిటారుగా నిలబడి, మూడో రోజుకు పక్కకు ఒరిగి, ఆ తరువాత పురుగవుతుంది. గుడ్లు ఉన్నాయా, సున్నా లాగా ముడుచుకున్న చిన్న పురుగులు ఉన్నాయా, పెద్దవి మాత్రమే ఉన్నాయా అన్నది చూసి, కార్యక్రమం ముగిసేలోగా మళ్ళీ ఫోన్ చేయండి.

వ్యాఖ్యాత: వారు చూసి వచ్చేలోగా పులివెందుల నుంచి ఒక మహిళా రైతు మాట్లాడుతున్నారు. చెప్పండమ్మా.

పులివెందుల రైతు: అయ్యా, మా చీనీతోటలో రెండు పెట్టెలు పెట్టాము. పూత ఉన్నన్నాళ్ళు బాగానే ఉన్నాయి, తేనె కూడా తీశాము. పోయిన వారం చూస్తే రెండు పెట్టెలూ ఖాళీ. ఒక్క ఈగ లేదు. ఇది కూడా చీలిపోవడమేనా?

నిపుణుడు: కాదమ్మా. చీలితే సగం ఈగలైనా ఇంట్లో మిగులుతాయి, పిల్లలుంటాయి, రాణి అరలుంటాయి. మీ ఈగలు కాపురం ఎత్తేసి వెళ్ళాయి. అది సమృద్ధి వల్ల జరిగే పని, ఇది కరవు వల్ల జరిగే పని. అందువల్ల దీనికి మందు దానికి పనికిరాదు, దాని మందు దీనికి పనికిరాదు. తేనె తీసినప్పుడు ఈగలకు ఏమైనా మిగిల్చారా? ఖాళీ అట్టల్లో సాలెగూడు లాంటి దారాలు కనిపించాయా?

పులివెందుల రైతు: తేనె మొత్తం పిండుకున్నాము. దారాలు ఉన్నాయి, అట్టలో సొరంగాలు తొలిచి తెల్లటి పురుగులు కూడా ఉన్నాయి.

నిపుణుడు: అవి మైనపు పురుగులు. బలమైన పట్టులో వాటి ఆట సాగదు. ఈగలు కప్పలేనన్ని అట్టలు పెట్టెలో ఉన్నప్పుడే అవి చొరబడతాయి. చీనీ పూత అయిపోయాక మీ తోట చుట్టుపక్కల ఈగలకు మేత తగ్గి ఉంటుంది, దాచుకున్న తేనె మీరు తీసుకున్నారు, పైన ఎండ మొదలైంది. ఈసారి కింద పిల్లలు పెరిగే పిల్ల గదిలోని తేనె ముట్టుకోకుండా, పైనున్న తేనె గదిలోనిది మాత్రమే తీయండి. మేత లేని రోజుల్లో చక్కెర, నీళ్ళు సమపాళ్ళలో కలిపి, పొద్దుగూకిన తరువాత పెట్టె లోపలే పెట్టండి. పగటిపూట పెడితే పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి. ఈగలు లేని అట్టలను ఎప్పటికప్పుడు తీసేయండి. పిల్లలున్న చోటును అవి 34, 35 డిగ్రీల దగ్గర నిలుపుకోవాలి. మన ఎండలు 40 దాటినప్పుడు నీళ్ళు మోసుకొచ్చి, చల్లి, రెక్కలతో విసురుకొని ఇంటిని చల్లబరుచుకుంటాయి. అందుకని పెట్టెల దగ్గరే ఒక వెడల్పాటి మూకుడులో గులకరాళ్ళు పోసి నీళ్ళు పెట్టండి. రాళ్ళు లేకపోతే ఈగలు మునిగి చస్తాయి. పెట్టె మీద తడిపిన గోనెపట్టా కప్పండి, కానీ ద్వారానికి అడ్డం రానీయవద్దు. చీనీకి మందు కొట్టవలసి వస్తే పూత మీద కొట్టకండి. తప్పదనుకుంటే ఈగలు ఇల్లు చేరిన తరువాత, సాయంత్రం కొట్టండి.

వ్యాఖ్యాత: ఆదోని నుంచి ఒక యువ రైతు ఫోన్ చేశారు.

ఆదోని రైతు: సార్, నిన్న సాయంత్రం నుంచి మా కళ్ళం దగ్గర వేపకొమ్మకు ఈగల గుంపు ఒకటి గుమ్మడికాయంత వేలాడుతోంది. మా పెదనాయన కిరసనాయిలు కాగడా పెట్టి కాల్చేద్దామంటున్నాడు. పట్టుకోవచ్చా?

నిపుణుడు: మీ పెదనాయనగారికి నా నమస్కారం చెప్పి, కాగడా పక్కన పెట్టించండి. అట్ట లేకుండా ఈగలే గుత్తిగా వేలాడుతున్నాయా?

ఆదోని రైతు: అవును, అట్ట లేదు. ఈగలు పుట్టతేనెవే, చిన్నగా ఉన్నాయి.

నిపుణుడు: అయితే అది ఎక్కడో చీలి వచ్చిన గుంపు. బయలుదేరే ముందు కడుపునిండా తేనె తాగి వస్తాయి గనుక, కాపాడుకోవలసిన పిల్లలూ లేవు గనుక, ఇప్పుడు సాధారణంగా కుట్టవు. అయినా ముఖానికి వల, చేతులకు తొడుగులు తప్పనిసరి. వాటిలో కొన్ని ఈగలు కొత్త ఇల్లు వెతకడానికి వెళ్ళి, తిరిగొచ్చి, గుత్తి మీద నాట్యమాడి తాము చూసిన తొర్రల దిక్కు, దూరం చెబుతాయి. ఏదో ఒక ఇంటి మీద అందరి మాటా కుదరగానే మొత్తం లేచిపోతుంది. అది గంటల్లో జరగవచ్చు, రెండుమూడు రోజులు పట్టవచ్చు. కాబట్టి ఈ సాయంత్రానికి మించి ఆగవద్దు. కొంచెం నీళ్ళు చిలకరించి, కొమ్మ కింద బుట్ట పెట్టి, ఒక్క ఊపు గట్టిగా ఊపండి. రాణి బుట్టలో పడితే మిగిలినవి తామే వచ్చి చేరతాయి. పొద్దు వాలాక పెట్టెలోకి దులిపి, సగం ఖాళీ చట్రాల నడుమ, వేరే పెట్టె నుంచి తెచ్చిన పిల్లల అట్ట ఒకటి పెట్టండి. పాలు తాగే పిల్లలను చూస్తే ఆగిపోతాయి. పుట్టతేనెటీగలను నిలబెట్టడానికి ఇంతకంటే గట్టి ఉపాయం నేను చూడలేదు. ద్వారానికి రాణి దాటలేని తడిక నాలుగైదు రోజులు ఉంచండి, అంతకు మించవద్దు.

వ్యాఖ్యాత: కడప నుంచి ఒకరు అపార్ట్‌మెంట్ నీళ్ళ ట్యాంకు కింద ఉన్న పెద్ద తేనెపట్టు గురించి అడుగుతున్నారు.

నిపుణుడు: ఒకే అట్ట, మూరెడు వెడల్పున బయలులో వేలాడుతుంటే అవి కొండ తేనెటీగలు. వాటిని పెట్టెలో పెంచలేము, రాళ్ళు విసరకూడదు, పొగ పెట్టకూడదు. పూతలు తగ్గాక వాటంతట అవే తరలిపోతాయి. అంతవరకు పిల్లలను మిద్దె మీదికి పోనీయకండి. ఈగలు వెంటపడి తరిమితే ముఖం కప్పుకొని గదిలోకి పరుగెత్తి తలుపు వేసుకోవాలి. ముల్లు గోటితోనైనా సరే, ఆలస్యం చేయకుండా గీరి తీసేయాలి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా 108కి ఫోన్ చేయండి.

వ్యాఖ్యాత: తాడిపత్రి రైతు మళ్ళీ లైన్లోకి వచ్చారు.

తాడిపత్రి రైతు: సార్, మూడు చట్రాలు చూశాను. గుడ్లు లేవు. చిన్న పురుగులూ లేవు. అరల నిండా లావాటి పురుగులు, మూతపడిన పిల్లలు ఉన్నాయి. రాణి అర కూడా ఎక్కడా లేదు.

నిపుణుడు: అయితే గుడ్లు ఆగి వారం అయింది. రాణిని చేసుకోవడానికి కావలసిన లేత పురుగు ఆ పెట్టెలో ఇక లేదు. అయినా మీకు ఇంకా రెండు పెట్టెలు ఉన్నాయి గదా, అదే మీ అదృష్టం. వాటిలో బలంగా ఉన్నదాని నుంచి గుడ్లున్న చట్రం ఒకటి తీసి, ఈగలను దాని పెట్టెలోకే మెల్లగా దులిపి, ఈగలు లేని ఆ గుడ్ల అట్టను తెచ్చి ఈ పెట్టె నడుమ పెట్టండి. మూడు నాలుగు రోజుల్లో రాణి అరలు మొదలవుతాయి. ఈసారి కోయవద్దు. రాణి బయటికి వచ్చి, మగ ఈగలతో జతకట్టి, గుడ్లు పెట్టేసరికి ఇంచుమించు నాలుగు వారాలు పడుతుంది. అరలు కట్టినట్లు చూసుకున్నాక ఆ నాలుగు వారాలూ పెట్టెను కదిలించకండి, ఊరికే తెరవకండి. ఇప్పుడిలాగే వదిలేస్తే మాత్రం కూలి ఈగలే గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి, ఒక్కో అరలో రెండు మూడేసి కనిపిస్తాయి, వాటి నుంచి మగ ఈగలే పుడతాయి.

తాడిపత్రి రైతు: మరి మిగిలిన రెండు పెట్టెల్లోనూ బుడ్డలు కనిపిస్తే ఏం చేయాలి సార్?

నిపుణుడు: కత్తి తీయకముందు పాత రాణిని వెతకండి. ఆమె ఉంటే, రెండు మూడు పిల్లల చట్రాలతో, వాటి మీది ఈగలతో సహా కొత్త పెట్టెలోకి మార్చి, వీలైతే రెండు కిలోమీటర్ల అవతలి తోటలో పెట్టుకోండి. దగ్గరలోనే పెడితే మేతకు తిరిగే ఈగలు పాత చోటికే వచ్చేస్తాయి. పాత పెట్టెలో మంచి రాణి అరలు ఒకటో రెండో ఉంచి, మిగిలినవి తీసేయండి. ఈగలు చేయబోయిన పనినే మనం ముందుగా చేసినట్టవుతుంది, గుంపు పొరుగూరి తొర్రలోకి పోకుండా మీ దగ్గరే రెండో పెట్టె అవుతుంది. మీవి ఏడు చట్రాల న్యూటన్ పెట్టెలేనా?

తాడిపత్రి రైతు: అవును సార్, ఏడు చట్రాలవి.

నిపుణుడు: చిన్న పెట్టె గనుక పూతకాలంలో తొందరగా నిండిపోతుంది. పిల్ల గదిలో ఆరు చట్రాలు ఈగలతో నిండగానే పైన తేనె గది పెట్టండి, వారానికి ఒకసారి అట్టల అడుగు అంచులు చూడండి. ఈ రోజు గుడ్ల చట్రం తీసేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త. దులిపే ముందు రెండు వైపులా చూసి, దాని మీద ఆ పెట్టె రాణి లేదని నిర్ధారించుకోండి.

తాడిపత్రి రైతు: సరే సార్. ఇప్పుడే పోతున్నాను.