దగ్గితే పడే మూత్రం: ఆపరేషన్‌కి ఒప్పుకునే ముందు

అమ్మలకీ అక్కచెల్లెళ్లకీ నమస్కారం. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. ఏటా నడిచినవాళ్లు కొందరు ఉన్నట్టుండి మానేస్తారు. ఇంట్లో మోకాళ్ల నొప్పులని చెబుతారు. అసలు సంగతి వేరు: దగ్గినా, తుమ్మినా, బరువెత్తినా చీర తడుస్తోంది. హార్బర్లో చేపల గంప ఎత్తే తల్లులకూ ఇదే బాధ. వయసు మీద పడిందిలే అని ఊరుకోకండమ్మా. దీనికి వైద్యం ఉంది.

నీళ్ల పైపును గట్టి నేల మీద తొక్కితే ధార ఆగుతుంది, బురదలో తొక్కితే ఆగదు. కాన్పులతో, ముట్లు ఆగాక మూత్రనాళం కింద ఉండే ఆ గట్టి నేల మెత్తబడుతుంది. ముందు మూడు నెలలు కీగెల్ వ్యాయామం, అంటే మూత్రం ఆపుకునే కండల్ని బిగించి వదలడం, ఒకరు దగ్గరుండి నేర్పగా, పట్టుగా చెయ్యాలి. చాలామందికి దాంతోనే గుణం కనిపిస్తుంది. అర్జంటుగా వచ్చి బాత్రూంకి చేరేలోపే పడిపోయేది వేరే జబ్బు. దానికి ఈ ఆపరేషన్లు పనికిరావు. అందుకే మూత్రసంచి నిండుగా ఉన్నప్పుడు దగ్గించి చూడకుండా ఆపరేషన్ మాట ఎత్తకూడదు.

ఇక ఆపరేషన్లు. 1990ల నుంచి ఎక్కువగా చేస్తున్నది మూత్రనాళం కింద ఆసరాగా వేసే ప్లాస్టిక్ మెష్ (వల) టేపు. చిన్న కోత, అరగంట పని, త్వరగా ఇల్లు చేరతారు. చాలామందికి బాగా పనిచేసింది, కాదనను. కానీ కొందరిలో ఆ టేపు యోనిలోకి పొడుచుకొస్తుంది, కలయికలో నొప్పి పెడుతుంది. కండ దాంట్లోకి అల్లుకుపోతుంది కాబట్టి మళ్లీ పూర్తిగా తీయడం చాలా కష్టం. గజ్జల మీదుగా వేసే రకంలో మూత్రసంచికి గాయమయ్యే భయం తక్కువే గాని, తొడల్లో నొప్పి మిగలొచ్చు. ఇలాంటి ఫిర్యాదుల వల్లే 2018 జులైలో ఇంగ్లండ్ ఈ టేపుల వాడకాన్ని నిలిపివేసింది. 2019లో అమెరికా అమ్మకం ఆపించింది మాత్రం గర్భసంచి, మూత్రసంచి జారినప్పుడు యోని గుండా వేసే మెష్‌ని, ఈ టేపుని కాదు. రెండూ ఒకటే అనుకుని భయపడేవాళ్లున్నారు.

ప్లాస్టిక్ వద్దంటే మీ పొత్తికడుపు పొర నుంచే పట్టీ తీసి ఆసరాగా వేస్తారు. లేదా 1961 నాటి బర్చ్ పద్ధతిలో మూత్రసంచి మెడ దగ్గరి యోని గోడను కుట్లతో పైకి లాగి కడతారు. 2007లో అమెరికాలో 655 మందితో ఈ రెండింటినీ పోల్చి చూశారు. సొంత పట్టీయే ఎక్కువమందికి లీకు ఆపింది, కాకపోతే మూత్రం సరిగా దిగకపోవడం, ఇన్ఫెక్షన్లు వాళ్లలోనే ఎక్కువ. పెద్ద కోతకి తట్టుకోలేనివాళ్లకి మూత్రనాళం చుట్టూ వేసే ఇంజెక్షన్ ఉంది, దాని గుణం తగ్గితే మళ్లీ వేయించుకోవాలి.

ఇంకా పిల్లలు కావాలనుకుంటే ఆగండి, కాన్పుతో చేసిన పని చెడిపోవచ్చు. సంతకం పెట్టేముందు మెష్షా, సొంత పట్టీయా అని అడగండి. మెష్ అయితే దాని కంపెనీ, రకం, నంబరు డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి. ఇంటికెళ్లాక మూత్రం బిగిస్తే తెల్లారేదాకా ఆగకండి, అర్ధరాత్రయినా ఆస్పత్రికి రండి.

ఇప్పుడు మీరు అడగండమ్మా. నలుగురిలో అడగలేనివాళ్లు చీటీ రాసి పంపండి, పేరు అక్కర్లేదు.